ఎముకలో తేదీ

గురవయ్య బల్ల మీద బోర్లా పడుకోవడానికే ఐదు నిమిషాలు పట్టింది. ఎనిమిది నెలలుగా వీపు మధ్యలో నొప్పి. మార్కాపురం చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఇరవయ్యేళ్ళు పలకరాయి కోసిన మనిషి. మొదట బామ్ రాశాడు. తర్వాత నాటువైద్యుడి చేత కట్టు కట్టించుకున్నాడు. తర్వాత సూదులు వేయించుకున్నాడు. రెండుసార్లు ఎక్స్‌రే తీసి, రెండుసార్లూ ఏమీ లేదన్నారు. ఈ మధ్య మెట్లెక్కుతుంటే కాళ్ళు తడబడుతున్నాయని భార్య బలవంతం మీద ప్రభుత్వాసుపత్రికి వచ్చాడు.

కరుణ అతని వీపు మీద జెల్లు రాసి, యంత్రానికి తగిలించిన, అరచేతిలో ఇమిడే బిళ్ళను మెడ దగ్గర్నుంచి కిందికి, ఒక్కో వెన్నుపూస దగ్గరా ఆపుతూ జరిపింది.

"ఇది సూది కాదు, కరెంటూ కాదు గురవయ్యా. ఒట్టి చప్పుడు. అదీ నీకు వినపడదు."

"నాకే వినపడకపోతే మీకెట్టా తెలుస్తాదమ్మా?"

"నీ ఎముకకు వినపడుతుంది. అది బదులు చెబుతుంది."

వీపు మధ్యకు వచ్చేసరికి తెర మీద సన్నటి గీతలు వంకర తిరిగాయి. గీతల నడుమ బఠాణీ గింజంత గూడు. దాని కింద ఒక అంకె: రెండేళ్ళ మూడు నెలలు.

పక్కన నిలబడిన ఎముకల డాక్టరు షరీఫ్ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. "ఎక్స్‌రేలో ఏమీ లేని చోట ఇంత స్పష్టంగానా మేడమ్?"

షరీఫ్ ఆ చోటే సూదితో రవ్వంత ముక్క తీసి పరీక్షకు పంపాడు. మూడు వారాలకు జవాబు వచ్చింది. క్షయ. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన క్రిమి రక్తంలో పడి వెన్నెముకలో స్థిరపడింది. మందులు మొదలుపెట్టారు. ఆరు నెలలు ఆలస్యమైతే మంచం పట్టాల్సిన మనిషి, పండగ నాటికి ఆసుపత్రికి నడిచి వచ్చి కరుణకు జామకాయలు ఇచ్చి వెళ్ళాడు.

కరుణ వైద్యురాలు కాదు. భౌతికశాస్త్రం చదివింది. ఆ యంత్రం కోసం పద్నాలుగేళ్ళు పనిచేసింది. మన ఒంట్లో ఎముక అరుగుతూ, మళ్ళీ పూడుతూ ఉంటుంది. క్రిమి వచ్చి కూర్చుంటే దాని చుట్టూ పొర మీద పొర గోడ కడుతుంది. ఎండాకాలం కట్టిన పొర ఒకలా ఉంటుంది, చలికాలం పొర ఇంకోలా ఉంటుంది. చప్పుడు పంపి ఆ పొరలను లెక్కపెట్టడమే యంత్రం పని. పొరలు వెతికితే గూడు దొరుకుతుందని ఆమె అనుకుంది. అవి కాలాన్ని కూడా చెబుతాయని పనిలో పనిగా తెలిసింది. రెండు నెలలు అటూ ఇటూగా, క్రిమి ఒంట్లో చేరిన తేదీ వచ్చేది. వార్డు ఆయాలు దానికి ఎముకల జాతకం అని పేరు పెట్టారు.

*

ఈశ్వరికి ఇరవై రెండేళ్ళు. కొత్త కోడలు. వంగి ఇల్లు ఊడ్వలేకపోతోందని అత్త తీసుకొచ్చింది. నడుము దగ్గర రెండు పూసల మధ్య గూడు కనపడింది. కాగితం మీద ఉన్నదున్నట్టు అచ్చయి వచ్చింది: మూడేళ్ళ రెండు నెలలు.

అత్త ఆ కాగితాన్ని వరండాలో ఎవరి చేతనో చదివించుకుని లోపలికి వచ్చింది.

"పెళ్ళయి పద్నాలుగు నెలలు. మిషనేమో మూడేళ్ళంటాంది. అంటే పుట్టింటి కాణ్ణించే తెచ్చుకుందన్నమాటేగా?"

"జబ్బు ఎవరూ తెచ్చుకోరమ్మా," అంది కరుణ. "మందులు సరిగ్గా వాడితే పూర్తిగా పోతుంది. ఎముకలో ఉన్నది పక్కవాళ్ళకు అంటుకోదు కూడా."

"పోతాదో ఉంటాదో దేవుడికెరుక. దాచిపెట్టి మాకంటగట్టినారు గదా."

ఆ మాట అంటున్నప్పుడు ఈశ్వరి అక్కడే ఉంది. తల ఎత్తలేదు. మధ్యాహ్నానికి అత్త, భర్త వెళ్ళిపోయారు. ఈశ్వరి తన బట్టల సంచి పక్కన పెట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఆయాలు పెట్టింది తిన్నది. మూడో రోజు వాళ్ళ నాన్న వచ్చి తీసుకువెళ్ళాడు. ఆ మూడు రోజులూ కరుణ వెనక గుమ్మం గుండా గదిలోకి వెళ్ళింది.

అదే తేదీ పట్టుకుని షరీఫ్ ఈశ్వరి పుట్టిన ఊరు వెళ్ళి, మూడేళ్ళ కిందట ఎవరెవరు దగ్గుతుండేవారో విచారించాడు. అంగన్‌వాడీ ఆయాకు క్షయ ఉన్నట్టు తేలింది. ఆమె దగ్గర రోజంతా గడిపే పిల్లల్లో నలుగురికి సోకింది. అందరికీ మందులు మొదలయ్యాయి.

"ఆ తేదీ లేకపోతే ఆ నలుగురు పిల్లలూ మనకు దొరికేవాళ్ళా మేడమ్?" అన్నాడు షరీఫ్.

అతని మాట నిజం. ఈశ్వరి బెంచీ మీద కూర్చోవడమూ నిజం.

*

కరుణకు ఒక్కతే చెల్లెలు, ఎస్తేరు. ఆమెకు పదిహేనో ఏట రెండు కాళ్ళూ పడిపోయాయి. వెన్నుక్షయే. పది నెలలు నొప్పి నొప్పి అంటే ఎదిగే పిల్లకు మామూలేనన్నారు, తైలం రుద్దారు. జబ్బు పేరు తెలిసేసరికి వెన్నుపూస కుంగి నరాలను నొక్కేసింది. మందులతో క్రిమి చచ్చింది. కాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఎస్తేరుకు నలభై నాలుగేళ్ళు. ఊళ్ళోనే చర్చి వెనక వీధిలో చేతితో తిప్పే మిషను మీద జాకెట్లు కుడుతూ ఒంటరిగా బతుకుతోంది. కరుణ ఆసుపత్రి క్వార్టర్సులో ఉంటుంది. ఆదివారాలు చెల్లెలి దగ్గరికి వెళుతుంది. కరుణ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే తీరిక దొరకలేదని చెబుతుంది.

ఎస్తేరుకు జబ్బు ఎవరివల్ల వచ్చిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నాన్న దానియేలు పలకల గనిలో పనిచేసేవాడు. ఎస్తేరుకు పదమూడేళ్ళప్పుడు వానాకాలంలో ఆయనకు దగ్గు పట్టుకుంది. నెత్తురు పడగానే అమ్మ ఆయన మంచాన్ని పెరట్లో రేకుల పంచలోకి మార్చింది. ఎస్తేరు కంచం తీసుకెళ్ళి కింద పెట్టి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి పరిగెత్తేది. తన కాళ్ళు పడిపోయాక ఆయన మొహం చూడనంది. ఇంకో ఏడాదికి దానియేలు ఆ పంచలోనే పోయాడు. ఉదయం కాఫీ ఇవ్వబోయేదాకా అమ్మకు సంగతి తెలియలేదు.

యంత్రం పాత మచ్చలను ఎంత నిక్కచ్చిగా చదువుతుందో చూడాల్సిన పని వచ్చింది. అందుకు జబ్బు ఎప్పుడు సోకిందో ముందే తెలిసిన మనుషులు కావాలి. కరుణకు వెంటనే చెల్లెలు గుర్తొచ్చింది.

ఎస్తేరు తన మూడు చక్రాల బండి మీద జూలై నెలలో ఒక బుధవారం వచ్చింది. ఆయాలు ఎత్తి బల్ల మీద పడుకోబెట్టారు.

"ఇన్నాళ్ళకు నా నడుముకు గవర్నమెంటు ఉద్యోగం దొరికిందక్కా," అని నవ్వింది.

కరుణ బిళ్ళను జరిపింది. కుంగిన పూసల దగ్గర పాత గోడలు దట్టంగా కనపడ్డాయి. ముప్పై ఒకటి లోపు అంకె వస్తుందని కాగితం మీద ముందే రాసిపెట్టుకుంది. వచ్చింది ముప్పై రెండేళ్ళ రెండు నెలలు.

మళ్ళీ చూసింది. అదే. జెల్లు తుడిచి మరోసారి చూసింది. అదే.

"ఏమంటాంది నీ మిషను?" అంది ఎస్తేరు, దిండులో మొహం పెట్టుకునే.

"సరిగ్గా పడలేదు. పాత మచ్చ కదా. మళ్ళీ చూడాలి."

ముప్పై రెండేళ్ళ రెండు నెలలంటే మే నెల. నాన్నకు దగ్గు మొదలవడానికి ఏడాది ముందు. ఆ వేసవిలో ఎస్తేరు పన్నెండేళ్ళ పిల్ల. ఊరు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. పదో తరగతి పరీక్షలు రాసి ఒంగోలు హాస్టల్ నుంచి ఇంటికి వచ్చిన అక్కను అతుక్కుని తిరిగింది. నలభై రోజులు ఇద్దరూ ఒకే చాప మీద, ఒకే దుప్పటి కింద పడుకున్నారు.

మర్నాడు మధ్యాహ్న భోజనాల వేళ కరుణ షరీఫ్‌ను పిలిచింది. "నన్ను ఒకసారి చూడండి. ముందు పక్కటెముకలు చూడండి."

ఎందుకని అతను అడగలేదు. ఎడమవైపు ఆరో పక్కటెముకలో మిరియం గింజంత మచ్చ. ఏనాడూ నొప్పి పెట్టని మచ్చ. ముప్పై రెండేళ్ళ ఏడు నెలలు. డిసెంబరు.

"మీకెప్పుడు వచ్చింది మేడమ్ ఇది?"

ఆమె లేచి కూర్చుని అంతా చెప్పింది. అతను తెర వంక మళ్ళీ చూసి, "మీ చెల్లెలికి ఊళ్ళో ఇంకెవరి నుంచైనా వచ్చి ఉండొచ్చు. తేదీలు కలిసినంత మాత్రాన ఖాయం కాదు," అన్నాడు.

"ఈశ్వరి అత్తగారితో మనం ఆ మాట అనలేదు కదా," అంది కరుణ.

హాస్టల్లో ఆ చలికాలం ఆమెకు దగ్గు, సాయంత్రం జ్వరం వచ్చేవి. వార్డెన్ ఆసుపత్రిలో చూపించి, క్షయ అని తెలిసి, నాన్నకు కబురు పెట్టింది. నాన్న వచ్చాడు. అమ్మకు తెలిస్తే చదువు మాన్పిస్తుంది, చెప్పొద్దని కరుణ ఏడ్చింది. చెప్పనన్నాడు. చెప్పలేదు. ఆరు నెలలు వేసుకోవాల్సిన మాత్రలు రెండు నెలలు వేసుకుంది. జ్వరం తగ్గింది, మాత్రలు వేసుకుంటుంటే తోటి పిల్లలు చూస్తున్నారని మానేసింది. వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు నాన్న ఎవరూ లేకుండా చూసి, "మందులేసుకుంటన్నావా తల్లీ?" అని అడిగాడు. వేసుకుంటున్నానంది. దగ్గు పూర్తిగా పోలేదు. ఎండ దెబ్బ అంది అమ్మ. తర్వాత ఎలాగో ఆమె ఒళ్ళు ఆ జబ్బును తనంతట తానే పూడ్చుకుంది.

నాన్నను పంచలోకి మార్చిన ఏడాది దసరా సెలవులకు వచ్చినప్పుడు, అమ్మ చెప్పినట్టే దూరంగా నిలబడి మాట్లాడింది. ఆయన ఒకటే అడిగాడు.

"నీకు దగ్గు రావడంలే గదా?"

"లేదు నాన్నా."

"అయితే సరే."

ఈ సంగతులన్నీ కరుణకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. విడివిడిగా తెలుసు. వాటినెప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

*

ఆదివారం చర్చి నుంచి జనం ఇళ్ళకు పోయాక చెల్లెలి ఇంటికి వెళ్ళింది. ఎస్తేరు జాకెట్టుకు చంకభాగం అతుకుతోంది. కరుణ గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని, ఉన్నమాట వరసగా చెప్పింది. హాస్టల్, మాత్రలు, మానేయడం, వేసవి, చాప, యంత్రం చూపిన రెండు తేదీలు. నాన్నకు తెలుసన్న మాట మాత్రం నోట్లోంచి రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు.

ఎస్తేరు మిషను చక్రం మీద చెయ్యి ఆపింది.

"అయితే నాన్నక్కూడా నీ నుంచేనా?"

"అయ్యుండొచ్చు. ఆయన ఊపిరితిత్తులు ముందే రాతిపొడితో నిండి ఉన్నాయి. తట్టుకోలేకపోయాడు."

పక్కింట్లో ఎవరో ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేస్తున్నారు.

"ముప్పై ఏళ్ళు ఆయన్ని తిట్టుకుంటా బతికానక్కా," అంది ఎస్తేరు చివరికి. "పొద్దున లేచి ఈ కాళ్ళు చేతుల్తో పట్టుకుని మంచం దించుకునేటప్పుడల్లా ఒకసారి తిట్టుకునేదాన్ని. అదొక అలవాటు. ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచీ నిన్ను తిట్టుకోవడానికి నాకు ఓపిక లేదు."

"ఎస్తేరూ..."

"నాకెందుకు చెప్పావు? నీ మనసు తేలికవడానికా?"

ఎస్తేరు పళ్ళతో దారం తెంపింది.

"కొన్నాళ్ళు నా దగ్గరికి రాకు. ఎన్నాళ్ళని అడగొద్దు."

ఎస్తేరు తల వంచుకుని సూదిలో దారం ఎక్కించబోయింది. దారం ఎక్కలేదు. ఎప్పుడూ దారం ఎక్కించి ఇచ్చే అలవాటు కొద్దీ కరుణ చెయ్యి చాచింది. ఎస్తేరు ఇవ్వలేదు. కరుణ చెప్పులేసుకుని బయటికి వచ్చింది.

*

యంత్రాన్ని అన్ని జిల్లాలకూ ఇవ్వాలా వద్దా అని తేల్చే సమావేశం సెప్టెంబరులో జరిగింది. కరుణ లేచి, తేదీ చూపించే భాగాన్ని తీసేయాలంది. జబ్బు ఎక్కడుందో చెబితే చాలు, ఎప్పటిదో చెప్పక్కర్లేదంది. షరీఫ్ ఆమెకు ఎదురు మాట్లాడాడు. మర్యాదగానే మాట్లాడాడు. అంగన్‌వాడీ పిల్లల సంగతి చెప్పాడు. ఒక్క తేదీ దాస్తే ఆ తేదీ వెనకున్న మనిషి ఇంకో పదిమందికి అంటిస్తూ పోతాడన్నాడు. అదీ కాదనలేని మాటే.

సాయంత్రానికి ఒక ఒప్పందానికి వచ్చారు. తేదీ తెర మీద కనపడదు, కాగితం మీదికి రాదు. ఒక్క మనిషి మాత్రమే చూడాలి. ఆ మనిషే ఊళ్ళకు వెళ్ళి, అనుమానం ఉన్నవాళ్ళను పరీక్షలకు పిలవాలి. ఎందుకు పిలుస్తున్నారో చెప్పకూడదు. ఈ జిల్లాకు ఆ మనిషి ఎవరన్నప్పుడు గదిలో వాళ్ళంతా కరుణ వంక చూశారు. ఆమె సంతకం పెట్టింది.

అప్పట్నుంచి ఆమెకు ఊరు వేరుగా కనపడసాగింది. బస్టాండులో అరటిపళ్ళమ్మే ముసలామె నుంచి మనవడికి వచ్చిందని తెలుసు. ముసలామెకు తెలియదు. ప్రార్థన చేయడానికి ఇంటింటికీ తిరిగే ఒక మంచి మనిషి నుంచి ముగ్గురికి వచ్చిందని తెలుసు. ఆయనకు మందులు ఇప్పించింది, ముగ్గురి సంగతి చెప్పలేదు. ఒక భర్త భార్యకు సేవ చేసుకుంటూ ఆసుపత్రి మెట్ల మీద వంట చేసేవాడు. వచ్చింది అతని నుంచే. ఎదురుపడినప్పుడల్లా, "మా ఇంటిదానికి ఏ పాపిష్టోడు అంటించాడో మేడమ్," అనేవాడు. ఆమె తల ఊపి వెళ్ళిపోయేది.

పెళ్ళిళ్ళకు పిలిస్తే వెళ్ళడం మానేసింది. నలుగురితో కూర్చుంటే ఎవరి తేదీ నోట్లోంచి జారుతుందోనని భయం. భోజనం గదిలోనే తినేది. ఆదివారాలు ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేది. రెండుసార్లు చర్చి వీధి మొదటిదాకా వెళ్ళింది. కుట్టుమిషను చప్పుడు వినపడేంత దూరంలో ఆగి, వెనక్కి తిరిగింది.

*

డిసెంబరులో ఒక శుక్రవారం తల్లీకూతుళ్ళు వచ్చారు. కూతురికి పదకొండేళ్ళు. మెడ తిప్పలేకపోతోంది. మెడ దగ్గర రెండో పూసలో గూడు చిన్నదిగానే ఉంది, మందులతో పోయేదే. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని రెండుసార్లు దగ్గింది. కరుణ తన దగ్గరుండే చిన్న తెరలో తేదీ చూసింది. పది నెలలు.

"ఎవరి నుంచి వచ్చిందమ్మా నా బిడ్డకి?" అంది తల్లి. "మా ఇంట్లో ఎవరికీ లేదే."

"గాలిలోంచి వచ్చింది తల్లీ. గాలికి పేరుండదు. ఇంట్లో అందరూ కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. అది ఇక్కడ పద్ధతి. ముందు నువ్వు ఇచ్చి వెళ్ళు, ఆ ఎదురు గదిలో."

తల్లి తల ఊపి, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళింది. వాళ్ళు తెరిచిన తలుపు అవతల వరండాలో మూడు చక్రాల బండి కనపడింది. ఎస్తేరు ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపట్నుంచి ఉందో తెలియదు. కరుణ లేచి వెళ్ళి బండిని గుమ్మం దాటించి లోపలికి తోసింది. చెల్లెలు బాగా చిక్కింది.

"అందరికీ ఇట్టాగే చెబుతావా? గాలి అని?"

"ఊఁ."

"నాకూ అట్టా చెప్పి ఉండొచ్చుగా."

"నీతో అబద్ధం ఆడలేకపోయాను."

"గాలంటే అబద్ధమేం కాదుగా." ఎస్తేరు గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత అడిగింది. "అప్పుడు హాస్టలుకు కబురు పెట్టి పిలిపించింది ఎవర్ని? అమ్మనైతే కాదు. అమ్మకు తెలిస్తే ఊరంతా తెలిసేది. ఈ ఐదు నెలలూ అదే ఆలోచించా."

కరుణ కుర్చీలో కూర్చుంది. "నాన్నని."

"అంటే ఆయనకు తెలుసు."

"తెలుసు."

"పంచలో ఉన్నప్పుడూ తెలుసు. నేను కంచం విసిరినట్టు పెట్టినప్పుడూ తెలుసు."

"తెలుసు ఎస్తేరూ. ఒక్కరితోనూ అనలేదు. నేనూ అనలేదు."

ఎస్తేరు ఏడవలేదు. బండి చక్రాన్ని అరచేత్తో ముందుకీ వెనక్కీ కదిపింది. వరండాలో రోగులు పలచబడ్డారు. ఆయా వచ్చి తలుపు సందులోంచి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

"నిన్ను క్షమించానని చెప్పడానికి రాలేదక్కా. అది నాకింకా తెలియదు. వేరే పని మీద వచ్చా."

"చెప్పు."

"నా దగ్గర నాన్నది ఒక్క మంచి జ్ఞాపకం లేదు. చిన్నప్పటివి ఏవో ఉండే ఉంటాయి. ముప్పై ఏళ్ళు తిట్టుకుని తిట్టుకుని అన్నీ పాడు చేసుకున్నా. ఎంత వెతికినా పంచలో దగ్గే కనపడతాంది. నీ దగ్గర ఉన్నవి చెప్పు. ఆ రోజు హాస్టలుకు వచ్చాడే, అక్కణ్ణించి చెప్పు. ఏం వేసుకున్నాడో కూడా చెప్పు."

కరుణ యంత్రం ఆపేసింది. ఇప్పటిదాకా ఎవరూ అడగని సంగతి అది. తనకు తాను కూడా ఎన్నడూ చెప్పుకోలేదు.

"తెల్ల చొక్కా. మోచేతి దగ్గర చిరిగితే అమ్మ నీలం దారంతో కుట్టిన చొక్కా. పొద్దున మొదటి బస్సుకే వచ్చాడంట. వెంటనే లోపలికి రాలేదు. నేను మేడ మీద కిటికీలోంచి చూశా. గేటు పక్కన కుళాయి దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంటున్నాడు. పలకపొడి ఉందని హాస్టల్లో నన్ను ఎవరైనా ఏమైనా అంటారేమోనని. గోళ్ళ సందుల్లోది పోవడంలేదు. పుల్ల తీసుకుని ఒక్కో గోరూ గీకుతున్నాడు. వార్డెన్ పిలిచినా లేవలేదు..."

ఎస్తేరు బండిని ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది.

"తర్వాత?" అంది.